నవ్వుకు రంగు లేదన్నదెవరు?

నవ్వుకు కులం లేదంటారు. రంగు లేదంటారు. ఏడుపుకు మాత్రం ఉంటుందని ఒప్పుకుంటారు. మనం ఏడిస్తే అది దళిత సాహిత్యం. మనం నవ్విస్తే అది 'అందరి' హాస్యం. ఈ పంపకం ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? రిచర్డ్ ప్రయర్ అనే నల్లజాతి కళాకారుడి సినిమాల గురించి విమర్శకులు రాసింది చదివినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే అడ్డమొస్తది. వాళ్లు అతన్ని తిట్టలేదు. నెత్తిన పెట్టుకున్నారు. నా పేచీ ఆ పొగడ్తతోనే.

ముందు సంగతి చెప్పాలె. 'రిచర్డ్ ప్రయర్: లైవ్ ఇన్ కాన్సర్ట్' అనే సినిమా 1979లో వచ్చింది. అంతకు ముందటి డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో, టెరేస్ థియేటర్‌లో ప్రయర్ ఇచ్చిన ప్రదర్శనను జెఫ్ మార్గోలిస్ చిత్రీకరించాడు. కథ లేదు, పాట లేదు, సెట్టింగు లేదు. ఒక మనిషి, ఒక మైకు, చెమటకు తడిసిన ఎర్ర చొక్కా. గంటా ఇరవై నిమిషాల లోపు. సినిమా హాళ్లలో విడుదలైన మొదటి పూర్తి నిడివి స్టాండప్ సినిమా ఇదేనని చెప్తారు. ప్రదర్శనలను రికార్డు చేసిన సినిమాల్లో బహుశా ఇదే గొప్పదని న్యూయార్కర్ విమర్శకురాలు పాలీన్ కేల్ రాసింది. తర్వాత 1982లో 'లైవ్ ఆన్ ది సన్‌సెట్ స్ట్రిప్', 1983లో 'హియర్ అండ్ నౌ' వచ్చినయి. 1998లో అమెరికా హాస్యానికిచ్చే మార్క్ ట్వేన్ బహుమతిని మొట్టమొదట ప్రయర్‌కే ఇచ్చారు. 2005లో అతను చనిపోయాడు. 2021లో ఆ మొదటి సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు. అంటే అది జాతి సంపద అన్నమాట.

ఎవరి బతుకు జాతి సంపదైంది? ప్రయర్ 1940లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో పుట్టాడు. నాయినమ్మ నడిపిన వేశ్యాగృహంలో పెరిగాడు. తల్లి అక్కడే పనిచేసింది. మొదట్లో బిల్ కాస్బీ లాగ సూటు వేసుకుని, తెల్లవాళ్లు నొచ్చుకోని జోకులు చెప్పి పైసలు సంపాదించాడు. 1967లో లాస్ వేగాస్‌లో స్టేజీ మీద నిలబడి, ఎదురుగ కూర్చున్నవాళ్లను చూసి, నేనిక్కడేం చేస్తున్నానని అడిగి దిగిపోయాడు. తర్వాత బర్క్లీకి పోయి, నల్లజాతి రచయితల మధ్య తిరిగి, మాల్కం ఎక్స్‌ను చదివి, తన వాడ మనుషుల గొంతుల దగ్గరికి తిరిగొచ్చాడు. తాగుబోతులు, తార్పుడుగాళ్లు, పాస్టర్లు, ముసలోళ్లు, నాయినమ్మ. 'లైవ్ ఇన్ కాన్సర్ట్' ఆ తిరుగు ప్రయాణపు పంట.

నేను ఈ సినిమాను తొంభైలలో యూనివర్సిటీ హాస్టల్లో, ఎవరి దగ్గర్నుంచో చేతులు మారి వచ్చిన వీడియో క్యాసెట్‌లో చూసిన. ఆ ఇంగ్లీషు సగం కూడా అందలేదు. కానీ ఆ మనిషి ఒళ్లు అందింది. గుండెపోటు వచ్చిన సంగతి చెప్తడు. గుండె పోలీసు లెక్క గద్దిస్తది. ఊపిరి పీల్చకు అంటది. ఇప్పుడు చావు గుర్తొచ్చిందా, పంది మాంసం తినేటప్పుడు గుర్తు రాలేదా అంటది. ప్రయర్ దేవుడికి ఫోన్ చేద్దామని చూస్తడు. నా వెనక దేవుడితో మాట్లాడుతున్నవా అని గుండె మళ్లా పిసుకుతది. అతను నేల మీద పడి గిలగిల కొట్టుకుంటడు. హాలంతా నవ్వు. గదిలో మేం ఆరుగురం. నేను నవ్విన తీరు వేరు. దొర మీద పై అధికారికి అర్జీ పెట్టుకున్న జీతగాడిని దొర గడిలో ఎట్ల పట్టుకుంటడో అట్లనే ఉంది అది. ఆ గుండె ప్రయర్ ఒంట్లో ఉన్న దొర.

కొన్నేళ్ల తర్వాత ఒక ఫిల్మ్ సొసైటీలో ఇదే సినిమా వేశారు. అయిపోయినంక చర్చ. పెద్ద చదువులు చదివిన ఒకాయన లేచి అన్నాడు: "చూడండి, నవ్వుకు రంగు లేదు. ఇదే కళ గొప్పతనం. మీ దళిత కవులు ఇది నేర్చుకోవాలి. ఆవేశం వదిలి ఇలా నవ్వించాలి." అందరూ తలలూపారు. నాతో వచ్చిన మా హాస్టల్ తమ్ముడు ఒకడు నా చెవిలో అన్నాడు: "అన్నా, ఈయన చూసింది మనం చూసిన సినిమానేనా?"

అప్పటి నుంచి ఆ సినిమా మీద దొరికిన రాతలన్నీ చదువుకుంటూ వచ్చిన. ఆ పెద్దమనిషి మాట ఆయన సొంతం కాదని అర్థమైంది. మూడు మాటలు మళ్లీ మళ్లీ వస్తయి. ఒకటి: ప్రయర్ సహజ ప్రతిభ. రెండు: ప్రయర్ నిజాయితీ, దాపరికం లేకపోవడం. మూడు: ప్రయర్ సార్వజనీనత. మూడూ పూలదండలే. మూడింటిలోనూ ముల్లుంది.

* * *

సహజం అనే మాట చూద్దాం. జింకగా మారిపోతడు, కోతిగా మారిపోతడు, కుక్కగా మారిపోతడు, మనుషులు అతనిలోంచి పొంగుకొస్తరు. నిజమే. కానీ పొంగింది అనగానే కష్టం మాయమైతది. నది పొంగితే నదిని మెచ్చుకుంటం గానీ నదికి చదువుందని అనం. కేల్ అతన్ని కవి స్థాయి వ్యంగ్యకారుడని గుర్తించింది, ఆ గౌరవం ఆమెకివ్వాలె. అయినా చాలా రాతల్లో అతను ఎక్కడ్నించో ఊడిపడ్డ అద్భుతంగానే మిగిలిపోయాడు.

అదే సమయంలో నల్లజాతి రచయితలు ఏం చూశారు? జేమ్స్ ఆలన్ మెక్‌ఫర్సన్ అనే కథకుడు, తర్వాత కాల్పనిక సాహిత్యానికి పులిట్జర్ అందుకున్న మొదటి నల్లజాతి రచయిత, 1975లోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆదివారం అనుబంధంలో ప్రయర్ మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆ హాస్యం నల్లవాళ్ల వీధుల నుంచి, అక్కడి మనుషుల మాట తీరు నుంచి వచ్చిందని చదివాడు. మెల్ వాట్కిన్స్ 1994లో నల్లజాతి హాస్యం మీద పెద్ద చరిత్ర పుస్తకమే రాశాడు. బానిసత్వ కాలం నుంచి మొదలుపెట్టి ప్రయర్ దాకా నడిపించాడు. యజమాని ముందు ఒక మాట, గుడిసెలో ఒక మాట మాట్లాడాల్సి వచ్చిన మనుషులు రెండు శతాబ్దాలకు పైగా సాన పట్టిన విద్య అది. బయటివాళ్లకు అది ప్రతిభ. లోపలివాళ్లకు అది సంప్రదాయం. తేడా ఇక్కడుంది. సంప్రదాయం అని ఒప్పుకుంటే దానికి గురువులుంటరు, నియమాలుంటయి, చరిత్ర ఉంటది. ఆ చరిత్రలో యజమాని కూడా ఉంటడు.

మా వాడలో ఆ విద్య నేను చూసిన. మా చినతాత ఒక పటేలు దగ్గర జీతముండె. పటేలు కూలి పైసలు చేతిలో పెట్టడు. మైల అంటుతదని పైనుంచి వదులుతడు. రాత్రి తుమ్మచెట్టు కింద తాత ఆ పటేలును ఆడేది. దగ్గు, మీసం, వేళ్లు ఎడం చేసి పైసను వదిలే తీరు. తర్వాత ఉన్నట్టుండి ఆ పైసే అయ్యేది తాత. గాలిలో కింద పడుకుంటూ పటేలును అడిగేది: "పటేలా, నన్నెందుకు పడేస్తున్నవ్? నిన్న ఈ చేతులు పండించిన వడ్లు అమ్మితేనే గదా నీ సందుగలకొచ్చిన!" మా నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నవ్వు గట్టిగ వినిపిస్తే పొద్దున తాత వీపు పగులుతది. అందుకని మా వాడలో నవ్వు కూడా గుసగుసగనే ఉండె.

పైసకు గొంతియ్యడం, గుండెకు గొంతియ్యడం. మా తాత ప్రయర్ పేరు వినలేదు. ప్రయర్ మా వాడ పేరు వినలేదు. నోరు తెరిస్తే దెబ్బలు పడే చోట మనిషి వస్తువుతో మాట్లాడిస్తడు. వస్తువును ఎవరు కొడతరు? ఇది శిల్పం. అవసరం నేర్పిన శిల్పం. దీన్ని సహజం అని కొట్టేస్తే మా తాత నలభై ఏళ్ల సాధన గాలికి పోయినట్టే.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత కవిత్వాన్ని మన విమర్శకులు ఎట్ల అందుకున్నారో గుర్తుందా? 'చిక్కనవుతున్న పాట' (1995) వచ్చిన రోజుల్లో ఆవేశం ఉంది, శిల్పం లేదు అన్నారు. ప్రయర్‌కు ప్రతిభ ఉందన్నారు, మనకు ఆవేశం ఉందన్నారు. రెండు చోట్లా దాచింది ఒక్కటే. అణగారినవాడు ఆలోచించి, దిద్దుకుని, కూడబెట్టి చేస్తడనే సంగతి.

బూతు సంగతీ ఇంతే. ప్రయర్ మీద రాసినవాళ్లు అతని భాష గురించి ముందే హెచ్చరిక పెట్టకుండా కదలలేదు. మన దగ్గర 1965లో దిగంబర కవులు పచ్చి మాట వాడితే సాహిత్య చరిత్రలో అది తిరుగుబాటు అధ్యాయమైంది. అదే మాట మా వాడ ఆడమనిషి నల్లా దగ్గర అంటే సంస్కారం లేకపోవడమైంది. మాట అదే. నోరు మారితే పేరు మారుతది.

* * *

రెండోది నిజాయితీ. ప్రయర్ తన గాయాలన్నీ విప్పి చూపిస్తడు, అందుకే గొప్పవాడంటరు. 1980 జూన్‌లో మత్తుమందు ప్రభావంలో ఒళ్లు కాల్చుకుని చావు దాకా పోయొచ్చాడు. 1982 సినిమాలో దాన్నే జోకు చేశాడు. మొదట పాలలో బిస్కట్టు ముంచితే పేలిందని అబద్ధం చెప్తడు. తర్వాత తనను లోబరుచుకున్న పైపుతో మాట్లాడిస్తడు. చివర అగ్గిపుల్ల గీసి గాల్లో ఆడిస్తూ, వీధిలో పరుగెడుతున్న రిచర్డ్ ప్రయర్ ఇతనే అంటడు. చాలామంది విమర్శకులకు ఇది ఒప్పుకోలు, శుద్ధి. కేల్‌కు మాత్రం ఈ రెండో సినిమా మొదటిదానంత ఆనలేదు.

నాకు కనిపించింది వేరు. జనం అప్పటికే అతని మీద వేసుకుంటున్న జోకును అతను వాళ్ల నోట్లోంచి గుంజుకున్నాడు. నా చావు మీద నువ్వు నవ్వేది ఏంది, నేనే నవ్విస్త అన్నాడు. అది ఒప్పుకోలు కాదు, స్వాధీనం. ఆ తర్వాత 1995లో వచ్చిన ఆత్మకథలో ఆ మంట ప్రమాదం కాదని, తనే ఒంటి మీద మద్యం పోసుకుని అంటించుకున్నానని రాశాడు. అంటే స్టేజీ మీద 'అంతా విప్పి చెప్పిన' మనిషి అసలు సంగతిని అప్పుడు తన దగ్గరే పెట్టుకున్నాడు. విమర్శకులు మెచ్చుకున్న దాపరికం లేనితనం ఎంత జాగ్రత్తగా కట్టిన నాటకమో అర్థం చేసుకోండి.

ఆత్మకథలు రాసే మనకు ఇది పెద్ద పాఠం. మన దగ్గర్నుంచి పాఠకులు పుండు అడుగుతరు. ఎంత పచ్చిగ ఉంటే అంత నిజం అంటరు. ఏది చూపాలె, ఏది ఎప్పుడు చూపాలె, ఏది ఎన్నటికీ చూపొద్దు అనేది మన చేతిలో ఉండాలె. మన నిజాయితీకి కొలబద్ద వాళ్ల ఆకలి కాదు.

* * *

మూడోది సార్వజనీనత. అన్నిటికన్న పెద్ద ముల్లు ఇదే. ప్రయర్ చెప్పేది మనుషులందరి కథ అంటరు. సరే, ఆ సినిమాలో పోలీసుల భాగం చూడండి. లాస్ ఏంజిలిస్ పోలీసులు నల్లవాళ్ల గొంతును మోచేత్తో బిగించే పట్టు గురించి ప్రయర్ ఆడి చూపిస్తడు. బిగిస్తరు, మనిషి విరిగిపోతడు. ఇతను విరిగిండే, విరగ్గొట్టొచ్చునా అని ఒకరినొకరు అడుక్కుని, నియమాల పుస్తకం తిరగేసి, ఆ, ఫలానా పేజీలో ఉంది అనుకుంటరు. హాలు దద్దరిల్లుతది. నేను చదివిన పొగడ్తల్లో కోతులకు, కుక్కలకు, గుండెపోటుకు దొరికిన జాగా ఈ భాగానికి దొరకలేదు.

ఇది ఊహ కాదు. 1976లో అడాల్ఫ్ లయన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి కారు వెనక లైటు వెలగలేదని లాస్ ఏంజిలిస్ పోలీసులు ఆపారు. గొంతు బిగిస్తే స్పృహ తప్పాడు. ఆ పట్టును ఆపించమని కోర్టుకు పోయాడు. 1983లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదన్నది. ఎందుకు? మళ్లీ నీ గొంతే బిగిస్తరని రుజువు లేదు గనక. ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ అసమ్మతి తీర్పు రాస్తూ లెక్క చెప్పాడు: 1975 నుంచి ఆ పట్టు పడ్డ తర్వాత 16 మంది చనిపోయారు, అందులో 12 మంది నల్ల మగవాళ్లు. 1982లో అక్కడి పోలీసు అధిపతి డారిల్ గేట్స్ నల్లవాళ్ల రక్తనాళాలు 'మామూలు మనుషుల'వంత తొందరగా తెరుచుకోవేమో అన్నట్టు మాట్లాడి గగ్గోలు పుట్టించాడు. ఇప్పుడు చెప్పండి, ప్రయర్ జోకులో నియమాల పుస్తకం తిరగేసిన పోలీసు ఎక్కువ నవ్విచ్చిండా, ఈ కోర్టు తీర్పు ఎక్కువ నవ్విచ్చిందా?

2014లో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్, 2020లో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్. ఊపిరాడడం లేదని ఇద్దరూ అన్నారు. 1978 డిసెంబర్‌లో లాంగ్ బీచ్ హాల్లో నవ్విన నల్లవాళ్లు తెలిసి నవ్వారు. పక్కన కూర్చున్న తెల్లవాళ్లు ఆశ్చర్యపడి నవ్వారు. రెండు నవ్వులూ ఒకేసారి వినిపించినయి గనక ఒక్కటేనంటే ఎట్ల? ఒకరిది గుర్తుపట్టిన నవ్వు, ఒకరిది టికెట్టు కొనుక్కున్న నవ్వు. ఆట అయినంక ఇద్దరూ కార్లెక్కి ఇళ్లకు పోయేటప్పుడు వెనక లైటు వెలగకపోతే భయపడాల్సింది ఎవరు? సార్వజనీనత ఆ పార్కింగ్ దగ్గర ఆగిపోతది.

* * *

ప్రయర్ తెల్లవాళ్లను అనుకరించే తీరు విమర్శకులకు బాగ నచ్చింది. ముక్కుతో మాట్లాడుతూ, బిగుసుకుపోయి నడిచే తెల్లాయన. సినిమా మొదట్లోనే విరామం తర్వాత హాల్లోకి తిరిగొచ్చిన తెల్లవాళ్లు తమ సీట్లలో నల్లవాళ్లు కూర్చుని ఉండడం చూసి నీళ్లు నమలడం ఆడతడు. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల, బెంచి, కుర్చీ ఉండేవి. ఎవరెక్కడ కూర్చోవాలో టికెట్టు కంటె ముందే ఊరు తేల్చేది. ఆ జోకు నాకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

అసలు ఒంటరి మనిషి నిలబడి నవ్వించే కళ మన దగ్గర లేదా? తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర లేడా? ఖాకీ అంగీ, నెత్తిన దొర టోపీ, భుజాన కట్టె తుపాకి. తుపాకి రాముడనీ లత్కోర్ సాబ్ అనీ పిలుస్తరు. ఉన్నది ముంత, చెప్పేది మేడల గురించి. దొరతనాన్ని తన ఒంటి మీద వేసుకుని దాని పొంకాన్ని బజారుకీడ్చే మనిషి. పగటి వేషగాళ్లు లేరా? తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు మాట్లాడుతుంటే మధ్యలో చొరబడి ఊరి గుట్టు విప్పే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క లేరా?

కానీ తెలుగు హాస్యం అని పుస్తకం తెరవండి. తెనాలి రామలింగడితో మొదలైతది. చిలకమర్తి గణపతి, పానుగంటి సాక్షి, మొక్కపాటి బారిష్టర్ పార్వతీశం, మునిమాణిక్యం కాంతం. వాళ్ల ప్రతిభను నేను తక్కువ చేయను. పార్వతీశం రైలు ప్రయాణానికి నేనూ నవ్విన. కానీ ఆ నవ్వంతా వసారాలో, వంటింట్లో, కొలువులో పుట్టింది. దాన్ని తెలుగువారి హాస్యం అన్నారు. పిట్టలదొరది జానపదం అన్నారు, బిచ్చం అన్నారు. ఒకటి సాహిత్యశాఖకు పోయింది, ఇంకొకటి గడప బయట నిలబడింది. ప్రయర్‌ను సహజ ప్రతిభ అన్న చూపూ, పిట్టలదొరను జానపదం అన్న చూపూ ఒకే ఇంట్లో పుట్టినయి.

* * *

ఇప్పుడు మాట సంగతి. బానిసల కాలం నుంచి నల్లవాళ్లను అవమానించిన ఆ తిట్టును ప్రయర్ డెబ్బైలలో తన ఆల్బంల పేర్లలోనే పెట్టుకున్నాడు. వెయ్యిసార్లు అని దాని కోర పీకేస్తనన్నాడు. 1979లో కెన్యా పోయాడు. అక్కడి హోటల్లో కూర్చుని చుట్టూ చూస్తే అన్ని రకాల పనులు చేసుకునే నల్ల మనుషులే, ఆ తిట్టుకు సరిపోయే మనిషి ఒక్కడూ లేడు. అన్నాళ్లలో తన నోట ఆ మాటే రాలేదని గుర్తొచ్చింది. ఇక అననని 1982 సినిమాలో చెప్పాడు. కొందరు ఎదిగాడన్నారు. కొందరు అభిమానులు మెత్తబడ్డాడు, అమ్ముడుపోయాడన్నారు.

మన దగ్గర 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. తిట్టుగా, సామెతగా వాడబడ్డ 'మాదిగ'ను వేలమంది తమ పేరు చివర కట్టుకున్నారు. రెడ్డి, శర్మ, చౌదరి ఉండంగ లేనిది మాదిగ ఉంటే తప్పేందన్నారు. అప్పుడు అభ్యుదయవాదుల్లో కొందరు కులం పేరు తగిలించుకోవడం వెనక్కి నడవడమే అన్నారు.

ప్రయర్ మాట వదిలేశాడు, మనం మాట పట్టుకున్నం. ఎదురు పనుల్లాగ కనిపిస్తయి. కాదు. అక్కడి తిట్టు యజమాని తయారు చేసింది. దాని కింద మనిషే లేడని ప్రయర్ ఆఫ్రికాలో చూశాడు. ఇక్కడి పేరు మన తాతలది, తోలు తెలిసిన, డప్పు తెలిసిన జాతి పేరు. దాన్ని తిట్టు చేసింది ఊరు. లేనిదాన్ని అతను పారేశాడు, ఉన్నదాన్ని మనం ఏరుకున్నం. రెండు చోట్లా ఒకటే ప్రశ్న: నా పేరు నిర్ణయించేది ఎవరు? ఎదిగాడా మెత్తబడ్డాడా అని మార్కులేసిన విమర్శకు ఆ ప్రశ్న వినిపించనే లేదు.

* * *

ఇంతవరకు చెప్పి ఆగిపోతే నేనూ వాళ్ల లెక్కనే భజన చేసినట్టు. 'లైవ్ ఇన్ కాన్సర్ట్'లో గట్టిగ పేలిన భాగాల్లో ఒకటి కారు కథ. 1978 కొత్త సంవత్సరం రోజు భార్య వెళ్లిపోతుంటే ప్రయర్ తుపాకితో కారును కాల్చాడు. పోలీసులొచ్చారు, కేసయింది. సినిమాలో టైరు గాలిపోతూ నిట్టూరుస్తది. ఇంజను సణుగుతది. పోలీసులు రాగానే తుపాకి కింద పెట్టి ఇంట్లోకి పోయిన, వాళ్లు కార్లను చంపరు, నల్లవాళ్లను చంపుతరు అన్నట్టు చెప్తడు. పోలీసుల మీద మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ కథలో అన్నిటికీ గొంతుంది. టైరుకుంది, ఇంజనుకుంది. భార్యకు లేదు. వస్తువులతో మాట్లాడించిన మనిషి మనిషిని వస్తువు చేసిండు. అతని చేతిలో దెబ్బలు తిన్నామని ఆడవాళ్లు తర్వాత బయటికే చెప్పారు. ధైర్యం, నిజాయితీ అని రాసినవాళ్లలో ఎక్కువమంది అక్కడ కూడా నవ్వుకుని ముందుకు పోయారు.

ఇది మా వాడకూ వర్తిస్తది. తుమ్మచెట్టు కింద పటేలును ఆడిన తాతలు నాయినమ్మలను ఆడలేదా? పెండ్లాన్ని కొట్టిన కథ చెప్పి నవ్వించలేదా? దళిత స్త్రీలు ఈ ప్రశ్న మనల్ని అడిగి చాలా కాలమైంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదివినవాళ్లకు తెలుసు, దళిత ఆడమనిషికి రెండు దిక్కుల నుంచి దెబ్బ పడుతదని. పై నుంచి వచ్చే దెబ్బను జోకుతో ఎదిరించినవాడు తన చేతి దెబ్బను అదే జోకుతో దాచొద్దు. ప్రయర్‌ను నా మనిషి అనుకుంటున్న గనకనే ఈ మాట అంటున్న. బయటి విమర్శకులు అతన్ని క్షమించడం తేలిక, వాళ్ల ఇంట్లో జరగలేదు గనక.

* * *

ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం అని ఒకరిద్దరు విద్యార్థులు అడిగారు. ఈ తొవ్వ నేను వేసింది కాదు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టిన అర్జీ ప్రతి కావాలని అడిగాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుడుతూ ఓక్లండ్ నల్ల పాంథర్ల పేరు తీసుకున్నారు. వాళ్ల అర్జీలు, వాళ్ల పాంథర్లు మనకు పనికొచ్చినప్పుడు వాళ్ల నవ్వు ఎందుకు పనికి రాదు?

ఇప్పుడిది మరీ అవసరం. పట్నాల్లో స్టాండప్ కామెడీ పెద్ద వ్యాపారమైంది. చాలా ఏళ్లు ఆ స్టేజీల మీద రిజర్వేషన్ పిల్లవాడు జోకుగానే ఉన్నాడు. ఇటీవల దళిత యువకులు, యువతులు తామే మైకు పట్టుకుంటున్నారు. వాళ్ల మీద రాతలు వస్తయి. రేపు వాళ్ల సినిమాలూ వస్తయి. మొదటి రాతలు తప్పకుండా పొగడ్తలే అయితయి. పచ్చిగ ఉంది, నిజాయితీగ ఉంది, కులాన్ని దాటింది అంటరు. ఆ మూడు మాటలు కనపడగానే ఉలిక్కిపడండి.

విద్యార్థులకు నా విన్నపం ఇది. థీసిస్‌కు అంశం దొరకలేదని తిరుగుతున్నవాళ్లు పిట్టలదొర దగ్గరికి పోండి. అతని గురువెవరు, ఏ మాట ఎక్కడ ఆపుతడు, దొరల ఊర్లో ఏ మాట మింగుతడు, మా వాడలో ఏ మాట విప్పుతడు, రాసుకోండి. జాలి కథలుగ రాయకండి, విద్యగ రాయండి. మీ ఇండ్లల్ల ముసలోళ్లు ఎవరిని ఆడి నవ్వించారో వాళ్లుండంగనే అడగండి. అవ్వలను ముందు అడగండి, వాళ్లు ఎవరిని చూసి నవ్వుకున్నరో ఇంతవరకు ఎవరూ అడగలేదు. కార్యకర్తలు హాల్లో కూర్చున్నప్పుడు స్టేజీ వైపే కాదు, పక్కకూ చూడండి. ఎవరు ముందు నవ్విండ్రు, ఎవరు ఆగి నవ్విండ్రు, ఎవరు నవ్వలేదు. ఆ మూడు లెక్కలు రాసుకుంటే అదే మన విమర్శ.

ప్రయర్ సినిమాను వాళ్ల దేశం భద్రంగ దాచుకుంది. మంచిదే. దాచిన పెట్టె మీద ఏమని రాయాలె అనే కొట్లాట అక్కడ ఇంకా నడుస్తున్నది. మన పిట్టలదొరకు పెట్టె కూడా లేదు. ముందు పెట్టె చేద్దాం. దాని మీద పేరు మాత్రం మనమే రాద్దాం.